చెవిగారి గడియ

పునర్వసు కార్తె, మూడో రోజు

పంపులు మూడూ నడుస్తున్నాయి. నది గట్టు మీద తొమ్మిదో గీత దగ్గర ఉంది. లోపలి నీళ్ళు చేరే గుంట మూడో గీత. వాన లేదు. శబ్దం: బాగుంది.

ఇంతవరకూ లంక సంఘం పుస్తకంలో రాసి వచ్చాను. ఇది నా సొంత పుస్తకం కనుక ఒక మాట సరిచేయాలి. శబ్దం బాగుందో లేదో నాకు తెలియదు. పధ్నాలుగు నెలలుగా తెలియదు.

మా లంక గట్టుకు బయట గోదావరి మా వాకిళ్ళ కంటే నిలువెత్తు పైన పారుతుంది. పంపులు ఆగితే రెండు రోజుల్లో మా ఇళ్ళలో చేపలు కాపురం పెడతాయి. పంపులకు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు. ఆ ముగ్గురి మోతలో మనిషి బతకడం కష్టం. అందుకే మా నాన్నల కాలం నుంచీ అందరికీ చెవి వెనక గడియ ఉంటుంది. చింతగింజంత బిళ్ళ. నలభై రోజులు పెట్టుకుంటే పంపు మోత వినపడటం మానేస్తుంది. మిగిలినవన్నీ వినపడతాయి.

పదకొండు వందల ఇళ్ళలో గడియ పెట్టుకోకూడని మనిషి ఒక్కడే, పంపుల కాపరి. పంపు గొంతు మారితే చెప్పడానికి ఒక చెవైనా ఉండాలి కదా. లంకలో ఆ కాపరిని చెవిగారు అంటారు. పెళ్ళి బంతిలో మొదటి విస్తరి చెవిగారికే వేస్తారు. అందరి కోసం ఆ మోత భరిస్తున్నాడని గౌరవం.

ఆ చెవిగారిని నేనే. ముప్పై ఒక్క ఏళ్ళు నిజంగానే భరించాను. ముప్పై రెండో ఏట, పాడైపోయిందని పారేయమన్న గడియ ఒకదాన్ని బాగుచేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని చెవి వెనక పెట్టుకున్నాను. ఇంకా చూస్తూనే ఉన్నాను.

పునర్వసు, ఐదో రోజు

నది పదో గీత. గుంట మూడో గీత. శబ్దం: బాగుంది.

పొద్దున పది గంటలకు నూకరత్నం షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చింది. గట్టు దిగువన మూడో ఇల్లు ఆమెది. కొబ్బరి పీచుతో తాడు పేనుతుంది. నలభై ఏళ్ళుంటాయి. లంకలో గడియ పట్టని మనిషి ఆమె ఒక్కతే. రెండుసార్లు పెట్టి చూశారు, పట్టలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకు మాట మధ్యలో ఆగిపోయే జబ్బు ఉంది. ఐదారు క్షణాలు కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మనిషి అక్కడ ఉండదు. తిరిగొచ్చి ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. దానికి మాత్రలు వాడుతుంది. తగ్గింది కానీ పోలేదు.

"బాబాయ్ గారూ, పంపుల మోత మారిందండి."

"ఏం మారింది?"

"అది సెప్పలేనండి. ఆ మోత మీదే నేను రాట్నం తిప్పుతానండి. ముప్పయ్యేళ్ళ నించీ నా సెయ్యి ఆ తూగుకే తిరుగుద్ది. వారం నించీ తాడుకి పురి ఎక్కువ పడిపోతందండి. నా సెయ్యి మారలేదు గదా. మారింది ఆళ్ళే."

"ఏ పంపు?"

"ఇంటికాడికి మూడూ కలిసే వత్తాయండి. మీ కర్ర ఒక్కసారి ఇప్పించండి. ఒక్కోదాని మీదా పెట్టి..."

అక్కడ ఆగిపోయింది. నేను గోడ వంక చూస్తూ నిలబడ్డాను. ఆరు క్షణాలు గడిచాయి.

"...ఇంటే సెప్పేత్తానండి" అంది.

కర్ర అంటే సరుగుడు కర్ర. ఒక కొస పంపు మీద, ఇంకో కొస చెవి వెనక ఎముక మీద ఆనించి వింటాం. రోజుకు మూడుసార్లు. మరమ్మతు వేళ తప్ప షెడ్డులోకి చెవిగారు కాక ఎవరూ రాకూడదని నియమం. నేను ఆ నియమం వెనక దాక్కున్నాను.

"రోజూ వింటూనే ఉన్నానమ్మాయ్. బాగానే ఉంది."

"మీరు ఇన్నారంటే ఇంకేటండీ. సరేనండి" అని వెళ్ళిపోయింది. అందులో వెటకారం లేదు, నిజంగానే నమ్మింది. వెటకారమైతే బాగుండేది.

పునర్వసు, ఆరో రోజు

నది పదో గీత దాటింది. శబ్దం: బాగుంది. (అలవాటు చొప్పున రాశాను.)

ఇవాళ మూడు పంపుల మీదా కర్ర పెట్టి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాను. షెడ్డు చూరులో పిచ్చుకలు వినపడ్డాయి. నా కడుపులో గంజి వినపడింది. నూరు గుర్రాల పంపు మాత్రం వినపడలేదు.

కర్రను పళ్ళతో కరిచి చూశాను. లాభం లేదు. పళ్ళు జివ్వుమన్నాయి, అది కర్రను కొరికినందుకే, పంపు వల్ల కాదు. అరచేయి పెట్టి చూశాను. చేతికీ ఏమీ తెలియలేదు. పంపు ఆగిపోయిందేమోనని కంగారుపడి గుంటలోకి తొంగి చూశాను. నీళ్ళు బయటికి పోతూనే ఉన్నాయి.

అటక మీద గడియ పెట్టెలో వచ్చిన పుస్తకం ఉంది. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగిలినదంతా యంత్రాలతో పాటు వచ్చే ఇలాంటి పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. బిగించే పద్ధతి ఉన్న పేజీలు అప్పుడే చదివాను. ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీలు నాలాంటి తెలివైనవాడికి అక్కరలేదనుకుని వదిలేశాను. ఇవాళ చదివాను.

మెదడు నట్టనడుమ ఒక వసారా లాంటిది ఉందట. చెవి, కన్ను, చర్మం పంపే కబుర్లన్నీ ఆ వసారాలో ఆగి లోపలికి పోవాలి. వాసన ఒక్కదానికే అడ్డదారి. అక్కడి కణాలకు కాల్షియం లోపలికి వచ్చే సన్నటి తలుపులుంటాయి. కణం మెలకువగా ఉంటే వచ్చిన కబురును వచ్చినట్టు పంపిస్తుంది. కాస్త జోగుతుంటే పంపదు. కానీ ఆ జోగే వేళలోనే కాల్షియం తలుపులు సిద్ధమై కూర్చుంటాయి. కొత్తదేదైనా తగిలితే ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కాల్షియం దూసుకొచ్చి కణం గంట కొట్టినట్టు మోగుతుంది. గడియ చేసేది ఇంతే. రోజూ వచ్చే మోత దగ్గర ఆ కణాలను జోకొడుతుంది.

అంటే నా చెవి బాగానే ఉంది, కర్రా బాగానే ఉంది. మూసుకున్నది లోపలి వసారా. నా అరచేయి కబురు కూడా అక్కడే ఆగాలి కనుక ఆ చేయి కూడా గడియ పాఠం నేర్చుకుని కూర్చుంది. నాలో నిజాయితీ మిగిలింది ముక్కు ఒక్కదానికే.

నూకరత్నం సంగతి కూడా అర్థమైంది. ఆమె ఆగిపోయే జబ్బుకు మూలం ఆ కాల్షియం తలుపులేనట. మాత్ర వాటినే బిగిస్తుంది. గడియ పనిచేయాలంటే ఆ తలుపులు కదలాలి. ఆమె తలుపులకు మాత్ర ముందే మేకులు కొట్టేసింది.

ఇంకో సంగతి పుస్తకంలో లేదు, నేనే అనుకున్నాను. ఉన్నట్టుండి వచ్చే మార్పుకు గంట మోగుతుంది, సరే. మార్పు రోజుకు వెంట్రుక వాసి చొప్పున వస్తే? గడియ ఆ వెంట్రుకను కూడా రోజూ నేర్చుకుంటూ పోతుంది. గంట ఎప్పటికీ మోగదు. పంపు అడుగున, నీళ్ళలో, తిరిగే షాఫ్టును పట్టి ఉంచే బుష్షు సరిగ్గా అలాగే అరుగుతుంది.

గడియ తీసేద్దామని గోరు పెట్టాను. నేర్చుకున్నది మరవడానికి కూడా నలభై రోజులు పడుతుందని కింద రాసి ఉంది. అమావాస్య పోటు పధ్నాలుగు రోజుల్లో ఉంది. గోరు వెనక్కి తీసుకున్నాను.

పునర్వసు, ఏడో రోజు

నది పదకొండో గీత. పైన ఎక్కడో వానలు పడుతున్నాయి.

గడియ సంగతి మా ఆవిడ సత్తెమ్మకు తెలుసు. తలకు నూనె రాస్తుంటే ఒకరోజు వేలికి తగిలింది. ఇవాళ అన్నం పెడుతూ అంది.

"పోయి సంఘంలో సెప్పేయండి."

"ఏమని?"

"నాకు సెవుడు, దొంగసెవుడు కాదు కొనుక్కున్న సెవుడు అని."

"కొనలేదు. బాగుచేసుకున్నాను."

"అదీ సెప్పండి, మెచ్చుకుంటారు. నవ్వుతారు, తిడతారు, అయిపోద్ది. గట్టు లోపల నీళ్ళు నిలిస్తే నవ్వేవోళ్ళు కూడా ఉండరు."

ఆమె మాట నిజం. కానీ నా దగ్గర అంతకంటే తెలివైన ఉపాయం ఒకటి ఉంది. నా తెలివి గురించి పైన రాశాను.

పునర్వసు, పదో రోజు

ఉపాయం ఇది. నాకే తేడా వినపడిందని సంఘానికి చెప్పి పంపు పైకి తీయించడం. పని జరుగుతుంది, పరువూ మిగులుతుంది. ఏ పంపు అన్నది ఒక్కటే చిక్కు. పెద్దోడికి నలభై ఏళ్ళు, చిన్నోడు మూడేళ్ళ కింద వచ్చాడు. వయసైనవాడికే జబ్బు ఉంటుందని తేల్చాను. నూకరత్నాన్ని లోపలికి పిలిచి కర్ర ఇస్తే ఒక్క నిమిషంలో తేలేది. ఆమె చేతికి కర్ర ఎందుకిచ్చావని ఎవరైనా అడుగుతారు. అందుకని పిలవలేదు.

సంఘం పెద్ద ముత్యాలరావు గారు ఒక్క మాటే అడిగారు. "మీరు ఇన్నారా, చెవిగారూ?"

"విన్నానండి."

"అయితే ఆపేద్దాం."

ముప్పై ఏళ్ళు సంపాదించిన నమ్మకం ఎంత తేలిగ్గా పనిచేస్తుందో చూసి నాకే భయమేసింది.

మధ్యాహ్నం పన్నెండుకు జనం షెడ్డు ముందు చేరారు. గొలుసు కప్పీ కట్టి ఆరుగురు మనుషులు నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గర నిలబడి స్విచ్చు దగ్గరి కుర్రాళ్ళకు సైగ చేశాను. పెద్దోడు ఆగాడు.

ఏళ్ళ తరబడి మారని మోత ఒక్కసారిగా మారితే అన్ని తలల్లోనూ అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి. పుస్తకంలో చదివినదే, కళ్ళారా చూశాను. రెండు వందల మంది ఒకేసారి ఉలిక్కిపడి ఎగిరారు. ఒకాయన నోట్లో చుట్ట కింద పడింది. ముత్యాలరావు గారు పక్కవాడి చేయి పట్టుకున్నారు. నేను ఎగిరి, గ్రీజు డబ్బాలో కాలు పెట్టి, వెల్లకిలా పడ్డాను.

లేచి చూస్తే, అంత మందిలోనూ కదలకుండా నిలబడి ఉన్న మనిషి ఒక్కతే. నూకరత్నం. జనాన్ని చూడటం లేదు. నన్నే చూస్తోంది.

గడియ లేని మనిషి ఉలిక్కిపడడు. పంపు ఆపుతున్నారని తెలుసు, ఆగింది, అంతే. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రానికి పెద్దోణ్ణి పైకి తీశారు. అడుగు బుష్షు కొత్తదానిలా మెరుస్తోంది.

పునర్వసు, పదకొండో రోజు

పెద్దోణ్ణి మళ్ళీ దించడానికి ఇవాళంతా పట్టింది. ఆ లోపు గుంట ఐదో గీతకు వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. "చెవిగారు కదా, అరుగుదల మొదలవకముందే ఇనేసుంటారు" అని ఒకాయన సర్దిచెప్పాడు. తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

నూకరత్నం ఇంటికి నేనే వెళ్ళాను. రాట్నం తిప్పుతోంది. పీట చూపించింది. కూర్చున్నాను.

"పురి ఇంకా ఎక్కువే పడతందండి" అంది.

"ఊఁ."

"నిన్న గ్రీజు డబ్బా దెబ్బ తగ్గిందాండీ?"

"తగ్గింది."

"ఎన్నాళ్ళయిందండి?"

డబ్బా గురించి కాదని ఇద్దరికీ తెలుసు. "పధ్నాలుగు నెలలు" అన్నాను.

రాట్నం ఆపింది. "పిల్లప్పట్నించీ అందరూ నన్ను అడిగేవోరండీ, ఆ మోతలో ఎలాగుంటన్నావే అని. మీరున్నారుగా అని సెప్పేదాన్ని. సెవిగారూ నేనూ ఒకటే అని." ఆమె గొంతులో కోపం లేదు. "నేను ఎవరికీ సెప్పనండి. సెప్పాల్సింది నేను కాదు గదా."

వచ్చేశాను. అంత దూరం నడవడానికి నాకు ఎప్పుడూ అంతసేపు పట్టలేదు.

పునర్వసు, పన్నెండో రోజు

నది పన్నెండో గీత. గుంట ఐదు. మూడూ నడుస్తున్నా గుంట దిగడం లేదు. అంటే ఒకడు సగమే తోడుతున్నాడు. శబ్దం: తెలియదు. సంఘం పుస్తకంలోనే అలా రాశాను.

రాసిన పుస్తకం చేత్తో పట్టుకుని సంఘం చావడికి వెళ్ళాను. ముత్యాలరావు గారు, ఇంకో పది మంది ఉన్నారు. మాట్లాడటం నాకు రాదు. చెవి వెనక గోరు పెట్టి గడియ పెకలించి బల్ల మీద పెట్టాను.

ముత్యాలరావు గారు దాన్ని వేలితో కదిపి చూశారు.

"ఎవరిదిది?"

"నాదేనండి."

"ఎప్పట్నించి?"

చెప్పాను.

"అంటే, మొన్న మా మనవరాలి పెళ్ళిలో మొదటి విస్తరి..."

"తిన్నానండి."

"రెండోసారి రొయ్యల కూర ఏయించుకున్నావు గదయ్యా!"

"అదీ తిన్నానండి."

అప్పటిదాకా నన్ను మీరు అని తప్ప పిలవని మనిషి. ఆ 'ఏయించుకున్నావు' నాకు న్యాయంగా రావలసిందే. ఒకాయన నన్ను గట్టు మీద నుంచి నదిలోకి తోయాలన్నాడు. ఇంకొకాయన నది ఇప్పటికే నిండుగా ఉందన్నాడు. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"నూకరత్నాన్ని షెడ్డులోకి రానివ్వండి. ఆమెకు వినపడుతుంది" అన్నాను.

"ఆవిడ మాట మజ్జెలో మాయమైపోద్ది గదా?"

"తిరిగి వస్తుందండి. నేను పధ్నాలుగు నెలలు రాలేదు."

పునర్వసు, పదమూడో రోజు

పొద్దున ఎనిమిదింటికి నూకరత్నం షెడ్డులోకి అడుగుపెట్టింది. నేను కర్ర అందించాను. సంఘం వాళ్ళు గుమ్మం బయట, వాళ్ళ వెనక మొన్నటి జనం నిలబడ్డారు.

పెద్దోడి మీద పెట్టి విన్నది. తల అడ్డంగా ఊపింది. నడిపోడి మీద పెట్టింది. చాలాసేపు ఉంది. మరీ చాలాసేపు ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. గుమ్మం దగ్గర ఎవరో "సూశారా, పోయింది" అన్నారు. ముత్యాలరావు గారు నా వంక చూశారు. నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉన్నాను. ఏడు. ఎనిమిది. నదిలో ఒక్కొక్క క్షణానికీ ఒక్కో గీత పెరుగుతున్నట్టే ఉంది.

తొమ్మిదో వేలు దగ్గర ఆమె రెప్ప వేసింది. "ఎక్కడున్నాను బాబాయ్ గారూ?"

"నడిపోడి దగ్గర."

"మళ్ళీ మొదట్నించీ ఇంటానండి. మజ్జెలో ఇన్నది లెక్కలోకి రాదు."

మళ్ళీ పెద్దోడి దగ్గరికి వెళ్ళింది. నాకు ఆ ఒక్క మాటతో ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఎలా చేయాలో తెలిసింది. వినని క్షణాన్ని విన్నట్టు లెక్కవేయకపోవడం. అంతే.

చిన్నోడి మీద కర్ర పెట్టగానే మొహం చిట్లించింది. "అబ్బ! ఈడండి. అడుగున ఇనప గొలుసు గచ్చు మీద ఈడ్సినట్టుందండి. ఇంత మోత మీకెవ్వరికీ ఇనపడటం లేదాండి?"

బయట అందరూ తలలు దించుకున్నారు.

అందరిలోకీ చిన్నవాడు, కొత్తవాడు. ఆపారు. మళ్ళీ రెండు వందల మందీ ఎగిరారు, నేను కూడా. ఈసారి గ్రీజు డబ్బా ముందే పక్కకు జరిపాను. మధ్యాహ్నానికి పైకి తీస్తే బుష్షు ఒక పక్క వెల్లుల్లి పొరలా అరిగిపోయి ఉంది. ఇంకో మూడు రోజులైతే షాఫ్టు విరిగేదని అందరూ ఒప్పుకున్నారు. కొత్త బుష్షు లేదు. తుమ్మ మొద్దును నూనెలో ఉడికించి, తొలిచి, నేనే చేశాను. ఆ మాత్రం పనికి చెవులు అక్కరలేదు.

పుష్యమి కార్తె, ఆరో రోజు

అమావాస్య. పోటు పొద్దున పది గంటలకు పధ్నాలుగో గీతకు వచ్చింది. గట్టు పదిహేను గీతలు. ముగ్గురూ తోడారు. నూకరత్నం పొద్దుటి నుంచీ ఒక్కోడి దగ్గరా కర్రతో కూర్చుని ఉంది. రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ మొదటి నుంచి విన్నది. రెండు గంటలకు పోటు తీసింది. గుంట నాలుగో గీతకు దిగింది.

సంఘం వాళ్ళు ఆమెను చెవిగారుగా ఉండమన్నారు. ఒప్పుకోలేదు.

"ఒక్కరే ఇనాలంటే మళ్ళీ ఇదే అవుద్దండి. ఆ మోత ఒక్కరి మీద ఏసేసి మిగతా అందరూ హాయిగా ఉంటే, ఆ ఒక్కరికీ ఎప్పుడో ఓ రోజు ఇసుగొస్తాది. బాబాయ్ గారు మంచోరు గాబట్టి ముప్పయ్యేళ్ళు పట్టింది. ఏటా పది ఇళ్ళకి ఒకరు సొప్పున గడియ తీసెయ్యాలి. వంతులేసుకోండి. అప్పుడు నేను వత్తాను."

పెద్ద గొడవ అయింది. మోత మళ్ళీ ఎవరికి కావాలి? ముత్యాలరావు గారు చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి తన చెవి వెనక చేయి పెట్టారు. "నా ఇంటి వంతు నేనే. కానీ మొదటి వంతు ఈ రొయ్యల మనిషిది" అన్నారు.

నాది అప్పటికే పెకలించి ఉందని గుర్తుచేశాను. దానికి మెచ్చుకుంటారనుకున్నాను. మెచ్చుకోలేదు.

ఆశ్లేష కార్తె, రెండో రోజు

గడియ తీసి నలభైలో పద్దెనిమిదో రోజు. నది ఎనిమిదో గీత. గుంట రెండు. శబ్దం: బాగుంది, నూకరత్నం చెప్పింది.

పొద్దున నూకరత్నం పీచు మూట మోసుకుని గట్టు ఎక్కుతుంటే, పుస్తకం చెప్పిన గడువు సగం కూడా కాకముందే, తలలో ఏదో మొదలైంది. మొదట రక్తపోటు అనుకున్నాను. తర్వాత తిరగలి అనుకున్నాను. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పళ్ళు, కళ్ళు, మోకాళ్ళు అన్నీ ఒక్కటే అదురు. దీన్ని ముప్పై ఒక్క ఏళ్ళు భరించిన మనిషి ఎవడో కానీ వాడికి దండం పెట్టాలనిపించింది. వాడు నేనేనని కాసేపటికి గానీ గుర్తు రాలేదు.

గుమ్మం దగ్గర చెవులు మూసుకుని చతికిలపడ్డాను. మూసుకుంటే ఆగేది కాదని తెలిసీ మూసుకున్నాను. నూకరత్నం కర్ర పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"వచ్చేసిందాండి?"

"వచ్చేసింది."

"ఎలాగుందండి?"

"ఘోరంగా ఉందమ్మా."

ఆమె మొహం వెలిగిపోయింది. లంకలో ఇన్నేళ్ళకు ఆ మాట ఆమెతో అన్నది నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

"ఆయ్. ఘోరంగానే ఉంటాదండి" అని, నవ్వుతూ నాకు మంచినీళ్ళు తేవడానికి లేచింది.